సోలెడు నూనె, చెంచాడు నీళ్ళు

మార్గశిర శుద్ధ తదియ

ఒకసారి వద్దన్న మనిషిని ఎన్నిసార్లు అడగాలి?

తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. ఇంజను పుస్తకంలో రాయాల్సిన మాట కాదని తెలుసు. కానీ ఈ పుస్తకం పరీక్షల జవాబుపత్రాల కట్ట. యూనివర్సిటీ మునిగినప్పుడు పై అంతస్తు గదిలోంచి తెచ్చుకున్నవాటిలో ఇదే ఆఖరిది. ప్రతి పేజీలోనూ ఎడమవైపు 'ప్రశ్న సంఖ్య' అని ఒక గడి. ఎన్నాళ్ళని ఖాళీగా వదిలేస్తాను?

ఇక ఇంజను సంగతి. ఈ రోజు హ్యాండిల్ తొమ్మిదిసార్లు తిప్పితే అందుకుంది. నిన్న ఒక్కసారికే అందుకుంది. మొన్న అసలు అందుకోలేదు. ఒకే ఇంజను, ఒకే నూనె, తిప్పేదీ అవే చేతులు.

నీళ్ళమీద తెప్పలపై కట్టుకున్న మా తెప్పలంకలో ఇరవై మూడు ఇళ్ళకి ఇదొక్కటే ఇంజను. ఒకప్పుడు ఏ వరిచేలోనో నీళ్ళు తోడిన ఆయిల్ ఇంజను. చేలు సముద్రం కిందికి పోయాక రాఘవులు బాబాయి నీళ్ళలో మునిగి, దాన్ని తాళ్ళు కట్టి పైకి లాగి, పడవకి బిగించాడు. తమ దారి తామే వెతుక్కునే తెల్ల పడవలు మాకూ ఉండేవి. ఉపగ్రహాలు మూగబోయిన నాటి నుంచి అవి కదలడం మానేశాయి. ఇప్పుడు వాటిలో తోటకూర వేశాం. నత్తలు తగ్గితే బాగానే వస్తుంది.

శుద్ధ పంచమి

అందుకోలేదు. పద్నాలుగుసార్లు.

"చలండి, చలి," అన్నాడు రాఘవులు బాబాయి, హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకుని. డెబ్బై దాటిన మనిషి. చూపు మందగించాక ఇంజను బాధ్యత నాకిచ్చాడు కానీ పెత్తనం ఇవ్వలేదు. "కానుగ నూనె పేరుకుంటాదండి. నెయ్యి పేరుకోదేటి? అలాగే."

ఇసక వేయించి, మూట కట్టి, నూనె తొట్టి చుట్టూ పెట్టాం. నూనె పలచబడింది. అయినా ఇంజను దగ్గిందే తప్ప అందుకోలేదు. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ కాస్త వచ్చి, నీళ్ళమీద పొగమంచులో కలిసిపోయింది. ఏది పొగో ఏది మంచో తెలియలేదు. చూస్తూ కూర్చుండిపోయాను.

"టీచరమ్మగారూ, ఇంజనుకీ పెళ్ళివారికీ ఒకటే పద్ధతండి," అన్నాడు బాబాయి. "మూడుసార్లు పిలిత్తే గానీ కదలరు."

"పద్నాలుగుసార్లు పిలిచాం కదా బాబాయ్."

"అయితే అలిగిందండి."

నవ్వాను కానీ లోపల భయంగానే ఉంది. వరాలమ్మ కోడలు ఝాన్సీకి నెలలు నిండాయి. పోయినసారి గట్టు మీద, పొడినేలలో ఉన్న ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు ఆమె పాదాల వాపు నొక్కి చూసి, బిపి చూసి, నన్ను పక్కకి పిలిచి చెప్పింది: "పౌర్ణమి దాటనివ్వకండి. కాన్పు ఇక్కడ పెట్టుకుంటే ఇద్దరికీ ప్రమాదం."

గట్టుకి దారి మునిగిన వంతెన మీదుగానే. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ వచ్చే పెద్ద పోటు నిండుగా ఉన్న అరగంటలోనే పడవ దానిమీంచి దాటుతుంది. పౌర్ణమి నాడు పొద్దున్నే పోటెక్కడం మొదలైనప్పుడు బయలుదేరాలి. ఇంజను ఒక గంట మొండికేస్తే వంతెన గోడ పడవ అడుగుకి తగులుతుంది. సాయంత్రం పోటు దాకా ఆగితే చీకటి. చీకట్లో ఆ వంతెన ఎవరికీ కనబడదు.

శుద్ధ అష్టమి

ఫిల్టరు విప్పి కడిగాను. జిగటగా ఉంది, సబ్బు నురగలాంటిదేదో పట్టుకుని. నాజిల్ విప్పి తుడిచాను. గొట్టాల్లో గాలి చిక్కుకుందేమోనని మర వదులు చేసి, బుడగలు పోయేదాకా నూనె కార్చాను. ఇవన్నీ చేశాక రెండోసారికే అందుకుంది. ఝాన్సీ తెప్ప చివర నిలబడి చప్పట్లు కొట్టింది.

"మేడం, అయిపోయినట్టేనా?"

"ఏమో ఝాన్సీ. ఎందుకు పోయిందో తెలియలేదు, ఎందుకు బాగుపడిందో కూడా తెలియలేదు."

"బాగుపడితే సాలదా అండీ? అన్నీ తెలుసుకోవాలేటి?"

పదేళ్ళు యూనివర్సిటీలో ఇంజన్ల గురించి పాఠం చెప్పాను. వేడి ఎలా పనిగా మారుతుందో బోర్డు నిండా రాసేదాన్ని. నిజమైన ఇంజను నూనె ఎప్పుడూ చేతికి అంటలేదు. ఇప్పుడు గోళ్ళలోంచి కానుగ వాసన పోదు. ఆ రోజుల్లో నాకు తెలిసింది ఎక్కువా, ఈ రోజుల్లోనా?

మధ్యాహ్నం ఎండలో నీళ్ళు గాజులా ఉన్నాయి. పాతూరు మీదుగా తెడ్డు వేసుకుంటూ వెళ్ళాను. మునిగిన ప్రతి ఇంటిమీదా ఒక ఎండిన ఆనప బుర్ర తేలుతూ ఉంటుంది, కింద గడపకో కిటికీ చువ్వకో తాడు కట్టి. బుర్రమీద ఇంటిపేరు. మా బుర్రమీద రంగు వెలిసిపోయింది.

ఆ రోజు నీళ్ళు పట్టపగలు వచ్చాయి. మేడ మీద మిగిలింది నేనూ మా వదిన అరుంధతీ ఇద్దరమే. అన్నయ్య పోయి అప్పటికి మూడు నెలలు. వరాలమ్మ భర్త సింహాద్రి పడవని బాల్కనీకి ఆనించాడు. పడవ నిండింది, ఇంకిద్దరు కష్టంగా పడతారు. నేను ఎక్కి, "వదినా, రా," అన్నాను.

"నువ్వెళ్ళు సుభా. నేను తరవాతి పడవలో వస్తాను," అంది.

సరే అన్నాను.

మా వదిన ఏదైనా మొదట వద్దనే మనిషి. కాఫీ ఇస్తే, "ఇప్పుడేగా తాగాను," అనేది. రెండోసారి గ్లాసు చేతిలో పెడితే సంతోషంగా తాగేది. ఆడపడుచు దగ్గర మొహమాటం. ఇది నాకు తెలుసు. పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం. అయినా ఆ రోజు ఒక్కసారే అడిగాను.

శుద్ధ నవమి

అందుకోలేదు.

శుద్ధ దశమి

అందుకోలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఒక్క అల లేదు.

ఈ వాక్యం రాసి, దాన్నే మళ్ళీ చూశాను. వెనక్కి పేజీలు తిప్పాను. నేను ఇంజను గురించి రాస్తూ పక్కన గాలీ నీళ్ళూ గురించి రాయడం అలవాటు. ఎందుకు రాస్తానో నాకే తెలియదు, ఊసుపోకే అనుకుంటాను. అందుకున్న రోజుల పక్కన: 'ఈశాన్యపు గాలి', 'తెప్పలు ఊగుతున్నాయి', 'రాత్రంతా అలలు, నిద్ర లేదు'. అందుకోని రోజుల పక్కన: 'ప్రశాంతం', 'పొగమంచు', 'నీళ్ళలో ఆకాశం కనబడుతోంది'.

రెండు నెలల పేజీలూ అంతే. సముద్రం నిద్రపోయిన రాత్రి మర్నాడు ఇంజను కూడా లేవడం లేదు.

కవిత్వంలా ఉంది. కవిత్వంలా ఉన్నదాన్ని నమ్మకూడదని విద్యార్థులకి చెప్పేదాన్ని. కానీ ఊగితే బాగుండి, ఊగకపోతే చెడేది ఏమిటి? ఊగితే కలిసిపోయేది. ఊగకపోతే అడుక్కి దిగేది.

శుద్ధ ఏకాదశి

తెల్లవారగానే, పడవ కదలకముందే, తొట్టి అడుగునున్న మర తిప్పి ఒక గాజు సీసాలోకి పట్టాను. చూరు కింద పెట్టి కూర్చున్నాను. పొద్దు పొడిచేసరికి సీసాలో గీత గీసినట్టు రెండు రంగులు. పైన రెండు వేళ్ళ మందాన పచ్చటి నూనె. కింద సీసా నిండా నీళ్ళు.

ఎంత తేటగా ఉన్నాయో. వాటి గుండా చూస్తే అవతల తెప్పలన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. కాసేపు ఇంజనూ ఝాన్సీ అన్నీ మరిచిపోయాను.

మూత గట్టిగా ఉంది. వాన పడి నెలయింది. తొట్టికి చిల్లు లేదు. నాలుక మీద ఒక చుక్క వేసుకున్నాను. ఉప్పగా ఉంది.

మరి ఎవరు పోశారు?

శుద్ధ ద్వాదశి

ప్రతి నెలా పాడ్యమి నాడు ఇంటికొక సోల చొప్పున నూనె తెచ్చి తొట్టిలో పోస్తారు. పోస్తున్నప్పుడు ఇంజను చూసే మనిషి వెనక్కి తిరిగి నిలబడాలి. అది మా తెప్పలంక మర్యాద. ఎవరి సోల తక్కువైందో చూడకూడదని. నేను నూనె పడే చప్పుడు వింటూ ఇరవై మూడు లెక్కపెడతాను. మర్యాద తప్పకుండా ప్రతి నెలా తూర్పుకి తిరిగి నిలబడ్డాను.

సీసా తీసుకెళ్ళి రాఘవులు బాబాయి ముందు పెట్టాను. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత రెండు చేతులతో మెల్లగా కింద పెట్టాడు. దణ్ణం పెట్టాడేమోననిపించింది.

"బాబాయ్, మీకు తెలుసు కదా ఇది ఏమిటో?"

"ఆయ్."

"ఏమిటి?"

"మావోళ్ళండి. నీళ్ళలో పోయినోళ్ళు."

ఆయన వలతాడు చిక్కు విప్పుతూనే చెప్పాడు. మొదట వరాలమ్మ. భర్త పడవ నడిపే సరంగు, పడవ ఎక్కకుండా ఏనాడూ ఉండలేదని, తన బుర్ర దగ్గర చెంచాడు నీళ్ళు ముంచి సోలలో కలిపి పోసిందట. ఆయన కూడా పడవతో పాటు గట్టుకెళ్ళి, పొడినేల చూసి వస్తాడని. తరవాత ఇంకో ఇల్లు. పోయిన వర్షాకాలానికి అన్ని ఇళ్ళూ.

"మీరూనా?"

"మా సిన్నదండి. నా కూతురు. దానికి గట్టంటే ఇష్టం." ఆగి, "ఓ సెంచాడే కదా అనుకున్నానండి. ఆళ్ళూ అలాగే అనుకునుంటారు. సెంచాడికి ఇంజనాగిపోద్దేటి?"

"ఇరవై రెండు చెంచాలు బాబాయ్. నెలనెలా."

ఆయన వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేశాడు.

"జీవితమంతా ఇంజన్లు బాగుసేశానండి," అన్నాడు. "నాకు తట్టాల్సింది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు సదువుకున్నోరు, వద్దంటారని. పైగా మీ వదినగారికి మీరు ఏనాడూ..." తాడు వైపు చూశాడు. "ఏదో లెండి."

ఊరంతటికీ తెలిసింది నాకొక్కదానికే తెలియలేదు. వెనక్కి తిరిగి నిలబడటం నాకు అంత బాగా అలవాటైపోయింది.

శుద్ధ చతుర్దశి

నిన్న రాయలేదు. నిన్నంతా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఎవరికీ చెప్పకుండా తొట్టి అడుగు మర తిప్పేస్తే సరిపోతుంది. ఐదు నిమిషాల పని. నీళ్ళు నీళ్ళలో కలిసిపోతాయి. కానీ రేపు ఝాన్సీతో పాటు వరాలమ్మ కూడా పడవలో కూర్చుంటుంది, భర్త కూడా తమతో వస్తున్నాడనుకుని. ఆ నమ్మకానికి ఎదురుగా కూర్చుని ఇంజను నడపగలనా?

పొద్దున్నే వెళ్ళి చెప్పాను. వరాలమ్మ చేపలు ఎండబెడుతోంది. చివరిదాకా వింది.

"అయితే ఏటంటారు?"

"తొట్టిలో నీళ్ళు తీసెయ్యాలి వరాలమ్మా. లేకపోతే రేపు పొద్దున్న ఇంజను నమ్మలేం."

"తీసేత్తే ఆయన ఎక్కడికెల్తాడు?"

కింద పడిన చేపొకటి తీసి చాప మీద పెట్టాను.

"మీరు మీ వదినగారికి బొట్టు నీళ్ళైనా పొయ్యలేదు. మేం పోసుకుంటే తప్పయిపోయింది," అంది. గొంతు పెంచలేదు. "తొమ్మిదేళ్ళు నేనీ మాట అనలేదు టీచరమ్మగారూ. ఇయ్యాల అంటన్నాను. మిమ్మల్నందర్నీ దింపేసి మా ఆయన ఎనక్కెల్లింది ఎవరి కోసం? ఆ మేడ మీద ఇంకెవరున్నారు?"

ఎవరూ లేరు. మా వదిన ఒక్కతే. పడవా తిరిగి రాలేదు, ఆయనా రాలేదు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వరాలమ్మ అంటుందని తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. అన్నాక, వింతగా, ఒళ్ళు తేలికైంది.

"నిజమే," అన్నాను. "నేను వదినని ఇంకోసారి అడిగుంటే ఆమె నాతోనే వచ్చేదేమో. ఆయన వెనక్కి వెళ్ళక్కర్లేకపోయేది."

వరాలమ్మ చేప తిరగేసింది. ఇంకోటి తిరగేసింది.

లోపల్నించి ఝాన్సీ, గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. మొహం కూడా వాచింది. "అత్తా, మావయ్యని ఇంజన్లో ఎందుకు కూకోబెట్టావే? పొగ, వేడి. సరంగు కదా, ముందు కూకోవాలి. సీసాలో పోసి ముందు కట్టు. గాలి తగుల్తాది, దారీ కనిపిత్తాది."

వరాలమ్మ కోడలి వైపు చూసింది, పొట్ట వైపు చూసింది. "దీని తెలివి తెల్లారా," అని కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకున్న బుద్ధి నాకు లేకపాయె."

మధ్యాహ్నం అందరూ వచ్చారు. మర నేనే తిప్పాను. నీళ్ళు పోయి నూనె చుక్క కనబడేదాకా ఒక పెద్ద గాజు సీసాలోకి పట్టాం. పైకి తేలిన నూనెని రాఘవులు బాబాయి గరిటెతో తీశాడు. సీసాని పడవ ముక్కుకి తాడుతో నాలుగు చుట్లు చుట్టి కట్టింది వరాలమ్మే. నేను కడితే వదులుగా ఉంటుందంది.

తొట్టి తుడిచి, ఫిల్టరు కడిగి, కొత్త నూనె పోశాం. ఈసారి నేను వెనక్కి తిరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. రెండు సోలలు సగమే ఉన్నాయి. ఎవరివో రాయను.

పౌర్ణమి

పొద్దు పొడవకముందే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలి లేదు. ఇంజను మొండికేసే రోజు ఎలా ఉండాలో సరిగ్గా అలా ఉంది. పడమట చంద్రుడు ఇంకా దిగలేదు. తూర్పున వెలుతురు. రెండు వెలుతుర్ల మధ్య పడవ ఎక్కడా ఆనకుండా వేలాడుతున్నట్టుంది.

ఝాన్సీని చాప మీద పడుకోబెట్టాం. తల నొప్పిగా ఉందంది, కళ్ళముందు మిణుగురులు కనబడుతున్నాయంది. నర్సు చెప్పిన గుర్తుల్లో అదొకటి. ఆ సంగతి వరాలమ్మకి చెప్పలేదు. పోటు మొదలైంది. బుర్రలన్నీ ఒకేసారి గట్టువైపు మొహం తిప్పాయి.

లివరు ఎత్తి, హ్యాండిల్ తిప్పి, వేగం అందాక లివరు వదిలాను. లేదు.

మళ్ళీ. దగ్గింది. లేదు.

నేను కనిపెట్టింది తప్పేమో. కవిత్వాన్ని నమ్మానేమో. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళ గుండెలు కెలికి, అసలు కారణం ఇంకేదో అయితే?

"మూడోసారి పిలవండమ్మా," అన్నాడు రాఘవులు బాబాయి, పడవ కట్టే తెప్ప మీంచి. "మొహమాటం పడతాంది."

తిప్పాను. డుగ్గుమంది. ఆగింది. డుగ్, డుగ్, డుగ్‌డుగ్‌డుగ్. తెల్లపొగ లేదు. సన్నటి నల్లటి పొగ. అంత అందమైన పొగ నేను చూడలేదు.

వంతెన మీదుగా వెళ్తున్నప్పుడు కిందకి చూశాను. తారు రోడ్డు మీద తెల్లగీతలు ఇంకా ఉన్నాయి. వాటి వెంట చేపల గుంపు ఎడమవైపే వెళ్తోంది. ముందు సీసాలో నీళ్ళు, అవతల నీళ్ళు, వాటి మధ్య పలచటి గాజు. వరాలమ్మ సీసా పక్కన కూర్చుని దారి పొడుగునా దానికేసి ఏదో చెబుతూనే ఉంది. ఇంజను చప్పుడులో నాకు వినబడలేదు. వినబడినా వినకూడదు.

గట్టు మీద స్ట్రెచరు ఎదురొచ్చింది. నర్సు బిపి చూసి పరిగెత్తింది.

బహుళ తదియ

ఆపరేషను చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఇంకో గంట ఆలస్యమైతే, అని నర్సు మొదలుపెట్టి, వాక్యం పూర్తి చెయ్యలేదు. గట్టు గోడ పనిలో ఉన్న ఝాన్సీ భర్త చేతులకి సిమెంటుతోనే వచ్చాడు. పిల్లని ఎత్తుకోనివ్వలేదు నర్సు. కడుక్కొచ్చాక ఎత్తుకున్నాడు.

వరాలమ్మ అక్కడే ఉండిపోయింది. నేను వచ్చేటప్పుడు పడవ దాకా వచ్చి సీసా మీద చెయ్యి వేసి, "తాతవయ్యావ్," అంది. తరవాత నా వైపు తిరిగింది. తనది స్టీలు చెంచా ఒకటి, కొంగు ముడి విప్పి నా చేతిలో పెట్టింది. "సీసాలో ఇంకా చోటుంది," అంది. క్షమించిందో లేదో నేను అడగలేదు.

బహుళ పంచమి

నీళ్ళు ప్రశాంతం. ఇంజను ఒక్కసారికే అందుకుంది. వరసగా ఇది ఐదో రోజు. కారణం అదేనని ఇప్పుడు రాయవచ్చు.

సాయంత్రం ఎండలో మా బుర్ర దగ్గరికి వెళ్ళాను. చెంచా తీసుకెళ్ళాను. కింద బాల్కనీ కమ్మీ కనబడింది, దానిమీద పచ్చటి నాచు మెల్లగా ఊగుతోంది. తడి చీర ఆరేసినట్టుంది.

సింహాద్రి ఆ రోజు ఇక్కడిదాకా రాగలిగాడా? వచ్చి ఉంటే, "రండమ్మా," అని రెండోసారి ఆయన అడిగి ఉంటాడు. అప్పుడు మా వదిన ఏమంది? ఎక్కిందా? ఎక్కితే, ఆమె ఈ బుర్ర కింద లేనే లేదు. ఆ పడవతో పాటు ఎక్కడో ఉంది. లేక మళ్ళీ వద్దందా? ఒక్కోరోజు ఆ "నువ్వెళ్ళు సుభా" నాకు మొహమాటంలా వినబడుతుంది. ఒక్కోరోజు అన్నయ్య పోయాక మొదటిసారి ఆమె తన ఇష్టం తాను చెప్పినట్టు వినబడుతుంది. గొంతు ఒకటే. వినేది నేనే.

చెంచా ముంచాను. నిండింది. అందులో ఆకాశం ఒక ముక్క పట్టింది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. సీసాలో పోస్తే, ఆమెకి రావాలని ఉండిందని నేను తేల్చేసినట్టు. పొయ్యకపోతే, రెండోసారి కూడా అడగనట్టు.

చెయ్యి నొప్పెట్టి నీళ్ళు వాటంతటవే ఒలికిపోయాయి. అది నిర్ణయం కాదు.

రేపు మళ్ళీ వెళ్తానేమో. ఆమెను అడగడం ప్రేమో, ఆమె మాటని ఆమెకే వదిలెయ్యడం ప్రేమో, నలభై ఆరేళ్ళొచ్చినా నాకు తెలియదు. ప్రశ్న సంఖ్య గడిలో ఒకటి వేశాను. జవాబు నేనింకా రాయలేను.